ఆర్డిల్ వారి కాగితాల్లో పిల్ల

కోనల్ ఆర్డిల్ బతికున్నంతకాలం ఈ సంగతి నేనెవరి దగ్గరా ఎత్తలేదు. మా అత్తకు మాటిచ్చాను. పోయిన చలికాలం ఆయనా వెళ్ళిపోయాడు. ఇక నా నోటికి అడ్డు లేదు.

డబ్లిన్‌లో ఒక గ్రంథాలయంలో ఆర్డిల్ కుటుంబం కాగితాలని కొన్ని అట్టపెట్టెలున్నాయి. ఐరిష్ భాష చచ్చిపోతోంది, దాన్ని నిలబెట్టాలి అని నడుం కట్టిన పెద్దింటివాళ్ళలో మిసెస్ ఆర్డిల్ ఒకరు. ఆవిడకు వచ్చిన ఉత్తరాలు, ఆవిడ రాసినవాటి నకళ్ళు, సభల ఆహ్వానాలు, ఇంటి దినచర్య అన్నీ అందులో ఉన్నాయి. నేను వెళ్ళి చూశాను. చేతులు కడుక్కోమన్నారు, పెన్సిలు తప్ప కలం ముట్టుకోవద్దన్నారు, నేను గట్టిగా ఊపిరి తీస్తే తలెత్తి చూశారు. ఆ కాగితాల నిండా 'పిల్ల' అని ఒకర్తె కనిపిస్తుంది. పిల్ల ఈ రోజు బాబుకు పడవ పాట నేర్పింది. పిల్ల ఉచ్చారణ స్వచ్ఛంగా ఉంది. పిల్లకు జలుబు చేసింది. నాలుగేళ్ళు ఆ ఇంట్లో ఉండి, వాళ్ళ బిడ్డను చంకన మోసిన మనిషి పేరు రాయడానికి ఆ మహాతల్లికి సిరా చాలలేదు. చదివేకొద్దీ నాకు ఒళ్ళు మండింది.

ఆ పిల్ల పేరు బాబీన్. మా నాన్నకు అక్క, నాకు మేనత్త. అందరూ ఐరిషే మాట్లాడే మా ఊరు రాస్‌డూలో మనిషిని తండ్రి పేరుతో కలిపి పిలుస్తాం కాబట్టి ఊరందరికీ బార్ట్లీ బాబీన్.

ఆమె డబ్లిన్ వెళ్ళింది పదిహేడో ఏట, ఇంగ్లీషు నేర్చుకోవడానికి. నవ్వకండి. మా నాయనమ్మ లెక్క ప్రకారం అది ఖాయం. పెద్ద కూతురు అప్పటికే బోస్టన్‌లో ఉంది. ఇంగ్లీషు ముక్క రాక, అంట్లు తోమే పని దాటి పైకి రాలేకపోయింది. రెండోదానికి ఆ గతి పట్టకూడదని నాయనమ్మ పట్టుదల. అలాంటప్పుడు భాషా సంఘం తరఫున ఊరూరా సైకిలు మీద తిరిగి పాఠాలు చెప్పే మాస్టారు మా ఇంటికొచ్చి, డబ్లిన్‌లో ఒక మంచి ఇంట్లో పనిపిల్ల కావాలన్నాడు. పని పెద్దగా ఏమీ లేదట, ఏడాది నిండిన బాబుతో మాట్లాడుతూ ఉంటే చాలట.

"మాట్లాడినందుకు జీతమా?" అంది నాయనమ్మ. "అలాగైతే మా ఆయన్ని తీసుకుపోండి బాబూ. జీతం కూడా అక్కర్లేదు, ఊరికే వాగుతాడు."

మా తాతయ్య పొయ్యి దగ్గర కూర్చుని పైపు కాల్చుకుంటున్నాడు, నోరు మెదపలేదు. మాస్టారు మళ్ళీ చెప్పాడు. నిజంగానే మాట్లాడటమేనమ్మా, అని. నాయనమ్మ నమ్మలేదు. పట్నంవాళ్ళు ఏదో చాకిరీ చేయించుకుంటారు, చేయనీ, ఇంగ్లీషు మాత్రం చెవిన పడుతుంది కదా అనుకుంది.

స్టేషన్‌కు మిసెస్ ఆర్డిల్ స్వయంగా వచ్చింది. పొడవాటి మనిషి, ఉన్ని శాలువా, దానికి పాతకాలపు రాణుల బొమ్మల్లో ఉండేలాంటి వెండి పిన్ను. అసలు పేరు వినిఫ్రెడ్. ఉద్యమంలోకి వచ్చాక ఊనా అని మార్చుకుంది. భాష మొత్తం పుస్తకాల్లో నేర్చుకుంది, అది కూడా ముప్పై దాటాక. బాబీన్‌ను చూడగానే రెండు చేతులూ చాపి, "సుస్వాగతము, ఓ కన్యకా! నీ ప్రయాణము సుఖప్రదముగా సాగినదా?" అందట. మా అత్తకు ఆ ధాటికి చర్చిలో ప్రార్థన మొదలైనట్టు అనిపించి, శిలువ గుర్తు వేసుకుని ఆమెన్ అంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అత్త కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వేది.

రాథ్‌గార్ వీధిలో ఆ ఇంట్లో మొదటి రోజే నియమం చెప్పారు. బాబు చెవిన ఇంగ్లీషు పడకూడదు. బాబీన్ చెవిన అంతకన్నా పడకూడదు, ఎందుకంటే ఆమె మాట ఊటనీళ్ళలాంటిది, కలుషితమైతే మొత్తం ప్రయత్నం పాడు. వంటావిడ మిసెస్ హాన్లన్‌కు ఇంగ్లీషు తప్ప ఇంకేదీ రాదు. ఆవిడకు పిల్లతో మాట్లాడొద్దని ఆజ్ఞ. పాపం, ఆవిడ గరిటెతోనే ఉప్పు అని, నీళ్ళు అని, తప్పుకో అని చూపించేది. కొట్టునుంచి వచ్చిన సామాను మీద చుట్టిన ఇంగ్లీషు పేపరును కూడా వాకిట్లోనే తీసేసేవాళ్ళు. చదువే రాని అమ్మాయికి పేపరు ముక్కలంటే ఏం ప్రమాదమో ఆ దేవుడికే తెలియాలి. మిస్టర్ ఆర్డిల్ లాయరు, మెత్తని మనిషి. ఆయనకు వచ్చిన ఐరిష్ అంతా వాన గురించే. అందుకని భోజనాల దగ్గర వాన వస్తుందనో రాదనో అని, మిగతా సేపు తల వంచుకుని తినేవాడు.

ఇంటికి ఉత్తరాలు మిసెస్ ఆర్డిల్ రాసేది, పిల్ల తరఫున, ముత్యాల్లాంటి ఐరిష్ అక్షరాల్లో. మా ఊళ్ళో వాటిని చదివేవాళ్ళు ఎవరూ లేరు. ఆ రోజుల్లో బళ్ళో ఇంగ్లీషు అక్షరాలే నేర్పేవాళ్ళు, సొంత భాష మాట్లాడితే బెత్తం. నోటినిండా ఐరిష్ ఉన్న ఊరికి రాసిన ఐరిష్ ఉత్తరం, సైకిలు మాస్టారు వచ్చేదాకా బీరువా మీద కూర్చుని ఉండేది. ఆయన వచ్చాక వంటింట్లో ఇరుగుపొరుగంతా చేరేవాళ్ళు. మా దగ్గర ఉత్తరం ఒక్క ఇంటిది కాదు, వీధందరిదీ. ఆయన గట్టిగా చదివేవాడు. ప్రతిసారీ అదే పొగడ్త, పిల్ల రత్నమని, వజ్రమని. నాయనమ్మ తృప్తిగా తలూపేది. మొదటి క్రిస్మస్‌కు బాబీన్ ఇంటికి వస్తే, నాయనమ్మ ఆమెను తిన్నగా కొట్టుకు తీసుకెళ్ళి, "ఏదీ, షావుకారుతో ఇంగ్లీషులో మాట్లాడు" అంది. బాబీన్ తెగించి "గుడ్ మార్నింగ్" అంది. అప్పటికి దీపాలు పెట్టేశారు. నాయనమ్మ దారి పొడుగునా ఆమెతో మాట్లాడలేదు.

అయినా బాబీన్ మళ్ళీ వెళ్ళింది. అప్పటికే ఇంగ్లీషు కోసం కాదు. బాబు కోసం.

వాడికి కోనల్ అని పేరు పెట్టారు. మా కథల్లో రాక్షసుల తలలు నరికే వీరుల పేర్లు ఇలా ఉంటాయి. మా ఊళ్ళో ఎవరూ బిడ్డకు పెట్టరు. ఈ వీరుడికేమో పక్కింటి పిల్లి అంటే హడల్. బాబీన్ వెళ్ళేసరికి వాడికి ఇంకా మాట రాలేదు. వచ్చిన మొదటి మాట 'బాబ్'. ఆమె వాడికి స్నానం చేయిస్తూ, అన్నం పెడుతూ, దుప్పటి కప్పుతూ నాన్‌స్టాప్‌గా మాట్లాడేది. మా తాతయ్య తెరచాప పడవ మీద అనే మాటలు, నాయనమ్మ కోళ్ళను తిట్టే తిట్లు, గాలి దిక్కులు, చేపల పేర్లు, ఏవీ వదల్లేదు. మూడేళ్ళు నిండేసరికి వాడు రాథ్‌గార్‌లో పుట్టిన రాస్‌డూ వాడు అయ్యాడు. మాట విసురు కూడా మాదే, సగం మింగేసి, సగం ఎగరేసి.

చిక్కంతా అక్కడే వచ్చింది. వాళ్ళమ్మకు వాడి మాట అందేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం టీకి భాషా సంఘం పెద్దలు వచ్చారు. మిసెస్ ఆర్డిల్ ఇంట్లో పుట్టుకతో ఐరిష్ మాట్లాడే బిడ్డ ఉన్నాడని ఊరంతా గొప్పగా చెప్పుకునే రోజులవి. ఒక గడ్డపాయన కోనల్‌ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఓ బాలకా! నీ మనమున నేమి తోచుచున్నది?" అన్నాడు.

"బాబ్, ఈ ముసలాడి నోరు ఉల్లిపాయ కంపు కొడతాంది, దించమనవే" అన్నాడు వాడు, ఒక్క గుక్కలో.

గదిలో ఎవరికీ అర్థం కాలేదు, అందరూ మురిసిపోయారు. గడ్డపాయన తల్లి వైపు తిరిగి, "బాలకుడేమని వచించెనమ్మా?" అని అడిగాడు. మిసెస్ ఆర్డిల్ నోరు తెరిచింది, మూసింది. ఆవిడకూ తెలియలేదు. కన్నకొడుకు ఏమన్నాడో తెలియక, తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడ్డ పనిపిల్ల వైపు చూసింది. ఆ చూపు వెంట గదిలో తలలన్నీ తిరిగాయి.

"అయ్యగారి గడ్డం బావుందంటున్నాడండీ" అంది బాబీన్.

అందరూ చప్పట్లు కొట్టారు. మిసెస్ ఆర్డిల్ కొట్టలేదు. తర్వాత కొన్ని రోజులకు వాడు మెట్ల మీద జారి మోకాలు చీరుకున్నాడు. తల్లి మెట్ల కిందే ఉంది, చేతులు చాపింది కూడా. వాడు ఆవిడను దాటుకుని వంటింట్లోకి పరిగెత్తి బాబీన్ కొంగు, అంటే ఆప్రాన్, పట్టుకుని ఏడ్చాడు. అత్త ఈ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ నవ్వలేదు. "ఆవిడ ముఖం నేను చూశానే" అనేది. "చూడకుండా ఉంటే బావుండేది."

ఆ జూన్‌లో మిసెస్ ఆర్డిల్ చాలా మర్యాదగా, ఇంటికి వెళ్ళి రమ్మంది. పొయ్యిలోకి బాడవలో నల్లమట్టి పెళ్ళలు కోసి ఎండబెట్టుకునే రోజులు, ఇంటి దగ్గర చేతులు అవసరం కదా అని. గేటు దగ్గర కోనల్ బాబీన్ పెట్టె మీద ఎక్కి కూర్చుని దిగనన్నాడు. పెరట్లో స్ట్రాబెర్రీలు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. "అవి అయిపోకముందే వచ్చేస్తాన్రా, నాకు రెండు దాచిపెట్టు" అంది బాబీన్. వాడు ఒప్పుకుని దిగాడు.

ఆమె ఇల్లు చేరిన వారానికే ఉత్తరం వచ్చింది. ఎప్పటికన్నా పొడుగ్గా ఉంది. సైకిలు మాస్టారు పొరుగు ప్రాంతంలో పాఠాలు చెబుతున్నాడు. ఎప్పుడూ పొగడ్తే కనుక ఇదీ పొగడ్తే అనుకుని బీరువా మీద పెట్టారు. నాయనమ్మ అయితే ఉత్తరం లావు చూసి, జీతం పెంచి ఉంటారని వీధిలో చెప్పేసింది కూడా. బాబీన్ తిరుగు ప్రయాణానికి బట్టలు ఉతికి, పెట్టె సర్దుకుని, కోనల్‌కు ఒక బుట్ట అల్లుకుంది. రేపు బయలుదేరాలనగా మాస్టారు వచ్చాడు. వంటిల్లు నిండిపోయింది. ఆయన చదవడం మొదలుపెట్టాడు. సగం పేజీ రత్నమూ వజ్రమూ అయ్యాక, "కుమారుని శ్రేయస్సును బహువిధముల ఆలోచించి, నీవు మరల రానక్కరలేదని నిశ్చయించితిమి" అన్న దగ్గర ఆయన గొంతు తగ్గింది. అప్పటికి ఆపలేడు, వీధంతా వింటోంది.

జనం ఒక్కొక్కరే లేచి బయటికి నడిచారు. గుమ్మం దగ్గర ఒక ముసలాయన మాత్రం, "ఏం రాసిందిరా, ఎంత సొగసుగా రాసింది" అన్నాడు. అర్థమయ్యే అన్నాడో కాకో.

బాబీన్ ఆ రోజే మాస్టారి చేత బాబుకు ఉత్తరం రాయించింది. నేనే రానన్నానని అనుకోకురా, వద్దన్నారు, అని. జవాబు లేదు. శరదృతువులో మళ్ళీ రాయించింది, అదీ అంతే. ఆ రెండు ఉత్తరాల కోసం నేను పెట్టెలన్నీ వెతికాను. ఆవిడ ఆహ్వానపత్రాలు కూడా దాచుకున్న మనిషి, వాటిని దాచుకోలేదు.

తర్వాత మా అత్త బతుకు అందరి బతుకులాంటిదే. దీవులకు ఆ నల్లమట్టి పెళ్ళలు చేరవేసే పడవ నడిపే స్టిఫాన్‌ను పెళ్ళి చేసుకుంది. ముగ్గురు కూతుళ్ళు, ముగ్గురూ బస్సు దూరంలోనే కాపురాలు. బిడ్డలు లేక ఆ బిడ్డను తలుచుకుంది అనుకోకండి, ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. బోస్టన్ ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఇంగ్లీషు రాలేదు, నేర్చుకోనూ లేదు. "నా ఇంగ్లీషు డబ్లిన్‌లో పోయింది, దొరికినోళ్ళు వాడుకోండి" అనేది. మా ఊళ్ళో ప్రతి ఇంటా వేసవిలో పట్నం పిల్లలను పెట్టుకుని భాష నేర్పడం మొదలయ్యాక, అధికారులు వచ్చి ఆమెనూ అడిగారు. "ఒకసారి నోరు అద్దెకిచ్చాను, చాలు" అని వెనక్కి పంపింది.

కానీ జూన్ వస్తే ఆమెకు అదే గుబులు. పెద్దదయ్యేకొద్దీ ఎక్కువైంది. "పేగీ, వాడు ఇప్పటికీ నేను మాట తప్పానని అనుకుంటా ఉంటాడే" అనేది నాతో. "వాడికి నిజం తెలిస్తే చాలు. ఇంకేం అక్కర్లేదు నాకు." నేను గాల్వే హోటల్లో ఉద్యోగం మానేసి ఊరికి వచ్చాక, రోజూ టీకి ఆమె దగ్గరికి వెళ్ళేదాన్ని. రోజూ ఇదే. ఆమెకు ఎనభై నాలుగు, ఆయన ఉంటే ఆయనకు అరవై ఎనిమిది. వదిలెయ్యి అత్తా, అనేదాన్ని. వదిలేది కాదు.

అలాంటిది ఒక ఆగస్టులో కోనల్ ఆర్డిల్ నుంచే ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో. అమ్మ కాగితాలు గ్రంథాలయానికి ఇస్తున్నాడట. అందులో ఒక ఫొటోలో తనను ఎత్తుకున్న అమ్మాయి పేరు వాళ్ళకు కావాలట. తనకు గుర్తున్న బాబ్ అన్న పేరు, మా ఊరి పేరు రాసి, ఆమె గానీ ఆమె వాళ్ళు గానీ ఉంటే చూసిపోతానన్నాడు. నేను చదివి చెప్పేసరికి అత్త లేచి, ఇల్లంతా సున్నం వేయాలంది.

శనివారం వచ్చాడు. ఎత్తైన మనిషి, కొంచెం వంగాడు. ఇంగ్లండులో వంతెనలు కట్టే ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. చేతిలో ఒక అట్టపెట్టె. గుమ్మంలో తల తగులుతుందని వంగి లోపలికి వచ్చి, టోపీ తీశాడు. అత్త పొయ్యి దగ్గర కుర్చీలోంచి లేచి, దగ్గరికి వచ్చి, తల పూర్తిగా పైకెత్తి ఆయన్ని చూసింది.

"వచ్చావట్రా నా తండ్రీ" అంది. "ఇంత పొడుగెక్కడ పెరిగావురా, నాకు చెప్పకుండా. చలేస్తాందా? రా, మంట దగ్గరికి రా."

ఆయన మర్యాదగా నవ్వి, నా వైపు చూశాడు. "క్షమించండి" అన్నాడు ఇంగ్లీషులో. "నాకు ఐరిష్ ఒక్క ముక్క రాదు."

నేను అత్త వైపు తిరిగాను. "అత్తా" అన్నాను, "ఆయనకి మన భాష రాదంట."

"రాకపోటమేంటే? వాడికి మాటలు నేర్పిందే నేను."

"మర్చిపోయాడు అత్తా."

ఆమె మళ్ళీ ఆయన వైపు తిరిగి, నెమ్మదిగా, పసివాడికి చెప్పినట్టు ఏదో రెండు మాటలంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నమ్మింది. నేనేదో ఇన్నాళ్ళూ దాచిపెట్టినట్టు నా వైపు కోపంగా చూసి కూర్చుంది. ఆ ఇంట్లో వాడి తల్లికి కూడా అందని మాటలు వీళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. ఇప్పుడు వీళ్ళ మధ్య నేను కూర్చోవలసి వచ్చింది. నేను లేచి వెళ్ళి టీ పెట్టాను.

రొట్టె, వెన్న, గుడ్లు అన్నీ ముందు పెట్టాక ఆయనే చెప్పాడు, నేను ముక్క ముక్కా అత్తకు చెబుతూ వచ్చాను. ఆ వేసవి తర్వాత చాలా నెలలు ఆయన అసలు మాట్లాడలేదట. అమ్మ ఏమడిగినా జవాబు లేదు. డాక్టరు కంగారుపడితే, నాన్న ఒక రోజు పక్కన కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో గుర్రాల గురించి చెప్పాడట. దానికి నోరు తెరిచాడు. ఆ తర్వాత అంతా ఇంగ్లీషే, బడి కూడా ఇంగ్లండులోనే.

"ఊళ్ళో ఎవరికీ తెలియనివ్వలేదు అమ్మ" అన్నాడు. "ఐరిష్ ఇల్లు ఎలా ఉండాలో రాస్తూనే ఉండేది పత్రికలకు."

ఆవిడ పోయి పదేళ్ళు దాటిందన్నాడు. నేను చెప్పగానే అత్త శిలువ గుర్తు వేసుకుంది. "దేవుడు ఆవిడకి శాంతినివ్వాలి" అంది. తర్వాత, "తల్లీ కొడుకులు బాగుండేవాళ్ళా, అడుగు" అంది.

నేను అడిగాను. ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడు. "చాలాకాలం లేము" అన్నాడు. "ఏడాదికోసారి వెళ్ళేవాణ్ణి, ఎవరో పరాయివాళ్ళను చూడ్డానికి వెళ్ళినట్టు. ఆఖర్న ఆమె చూపు పోయింది. ఈ కాగితాలు చదివిపెట్టమనేది. నాకు ఇంగ్లీషువి మాత్రమే చదవడం వచ్చు. అవే చదివేవాణ్ణి, చెయ్యి పట్టుకుని వినేది. ఆ రెండేళ్ళే నాకు అమ్మ ఉంది అనుకోండి."

అత్త అంతా విని, ఆప్రాన్‌తో చేతులు తుడుచుకుంది. చేతులు తడిగా ఏమీ లేవు.

"ఒక్కటి అడగాలి" అన్నాడాయన. "నాకు చెప్పిందేమంటే, ఆమె అమెరికాలో అక్క దగ్గరికి పోయింది, మళ్ళీ రావడం ఇష్టం లేదంది, అని. నేను మెట్ల మలుపులో కిటికీ దగ్గర కూర్చునేవాణ్ణి. అక్కణ్ణుంచి గేటు కనిపిస్తుంది. పెరట్లో పళ్ళన్నీ అయిపోయాక కూడా కూర్చున్నాను. ఆమె ఎందుకు రాలేదో అడగండి."

ఇన్నేళ్ళ మాట. అత్తకు ఒక్క అక్షరం వదలకుండా చెప్పాను, కిటికీతో సహా. ఇక చెప్పెయ్, అన్నట్టు చూశాను.

ఆమె వంగి పొయ్యిలోకి ఒక పెళ్ళ తోసింది. "మా అమ్మ మంచం పట్టింది, కదల్లేకపోయాను, అని చెప్పు" అంది.

"నేను చెప్పను."

"చెప్పవే."

"నాయనమ్మ ఆ ఏడు గుర్రంలా తిరిగింది. నా నోటితో అబద్ధం చెప్పించకు అత్తా. ఆ ఉత్తరం ఊరంతా విన్నారు."

"ఊరంతా విన్నారు, వీడు వినలేదు. వినక్కర్లేదు. నా మాట నువ్వు మోసుకెళ్ళడానికున్నావు, మార్చడానిక్కాదు. చెప్పు. వాడు బతికున్నన్నాళ్ళూ ఇంకో మాట అననని కూడా నాకు మాటివ్వు."

ఆయన మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. మాటలు అర్థం కాకపోయినా మేం పోట్లాడుకుంటున్నామని తెలుస్తూనే ఉంది. ఏమైందని అడిగాడు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ వేళ్ళలో అంత బలం ఉందని నాకు తెలియదు. నేను మాటిచ్చాను. ఆయన వైపు తిరిగి, "వాళ్ళమ్మకు జబ్బు చేసింది, ఇల్లు విడిచి రాలేకపోయింది" అని చెప్పాను.

ఆయన తలూపాడు. జేబులోంచి ఒక చిన్న కార్డు తీసి, ఫొటో వెనక పెట్టడానికి, ఆమె పేరు, ఊరు, తల్లి అనారోగ్యం వల్ల ఉద్యోగం మానుకుంది అని ఇంగ్లీషులో పొందికగా రాసుకున్నాడు. రాసి, కళ్ళజోడు తీసి, అత్త వైపే చూస్తూ మాట్లాడాడు.

"చిన్నప్పుడు ఆమె మీద నాకు చాలా కోపం ఉండేదని చెప్పండి. పెద్దయ్యాక కూడా ఉండేది, మూర్ఖంగా. ఒక్క మాట రాయించి ఉండొచ్చు కదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు లేదు. ఆమె కూడా చిన్నపిల్లే కదా అప్పటికి. నేను క్షమించేశానని చెప్పండి."

రెండుసార్లు రాయించింది మహానుభావా, అని నోటిదాకా వచ్చింది. మింగాను. అంత చేదు నేనెప్పుడూ మింగలేదు.

"ఏమన్నాడే?" అంది అత్త.

"నిన్ను క్షమించాడంట" అన్నాను.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖం నిజంగానే తేలికపడి ఉంది, వచ్చినప్పటి కన్నా చిన్నవాడిలా ఉన్నాడు. ఆమె లేచి, ఆయన తల మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచింది. "సంతోషంరా నాయనా, అని చెప్పు" అంది. చెప్పాను.

కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. నేను లోపలికి వచ్చి కప్పులు దబదబా తొట్టిలో పడేశాను.

"పగిలిపోతాయే."

"పోనీ. తప్పు చేసింది వాళ్ళమ్మ. నిన్ను ఈయన క్షమించటమేంటి, నువ్వు సంతోషమనటమేంటి? అరవై ఏళ్ళ బట్టి, వాడికి నిజం తెలిస్తే చాలని మా అందరి బుర్రలూ తిన్నావు. వచ్చి ఎదురుగా కూచుని అడిగాడు. చెప్పొచ్చు కదా."

"చెబుదామనే కూచున్నా" అంది. కుర్చీ మంటకు దగ్గరగా లాక్కుంది. "వాడు వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కూచున్న సంగతి చెప్పాడు చూడు, అక్కడ ఆగిపోయానే. నేను వాడిని తననుంచి లాగేసుకుంటానని ఆవిడకి భయం. అందుకే పంపేసింది. ఇన్నేళ్ళకి వాడికి తల్లి దొరికింది. ఇవాళ నేను నోరు తెరిస్తే ఆమె మళ్ళీ పోద్ది వాడికి. అప్పుడు ఆవిడ భయపడ్డది నిజమే అవదూ?"

నేను తొట్టి దగ్గరికి తిరిగి వెళ్ళాను. కప్పులు ఒక్కొక్కటీ కడిగి, తుడిచి, అరలో పెట్టాను.